నాలుగు తూర్లు గాలి తీసినా



కాణిపాకంలో బండి పూజ మీలో చాలామంది చూసే ఉంటారు. వరసిద్ధి వినాయకుడి గుడి దగ్గర బండి నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. పూజ చేసే అయ్యవారు చెయ్యి ఊపగానే డ్రైవరు బండిని రవ్వంత ముందుకు పోనిస్తాడు. నిమ్మకాయ చితుకుతుంది, బండి ఆగుతుంది. కారుకైనా ట్రాక్టరుకైనా ఇదే వరస.

ఆమధ్య ఒక పికప్ బండి నిమ్మకాయలు చితికాక ఆగలేదు. ఇంకో గజం ముందుకు పోయింది. ఎదురుగా కొబ్బరికాయల బుట్ట పెట్టుకుని కూచున్నామె బుట్ట వదిలేసి పక్కకు దూకింది. డ్రైవరు రెండోసారి, మూడోసారి పెడల్ తొక్కాడు. బుట్టకు జానెడు దూరంలో నిలిచింది బండి. ఆ డ్రైవరు నా మేనల్లుడే. బండి కూడా కొత్తది కాదు. వెనక యాక్సిల్ మార్పించాడు, అందుకని పూజ. ఆ యాక్సిల్ కూడా పాత సామాన్ల అంగడిలో కొన్నదే, పైన నల్లరంగు కొట్టి ఉంది కాబట్టి కొత్తగా కనబడింది.

మామిడి సీజన్లో బెంగుళూరా కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే బండ్లు ఎంత లోడు మోస్తాయో మన చిత్తూరు జిల్లా వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బకు మా మేనల్లుడి బండి యాక్సిల్ హౌసింగ్ వంగింది. టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోతుంటే అనుమానం వచ్చి చూపిస్తే, మార్చక తప్పదన్నారు. మార్చారు. మార్చిన నాటి నుంచి బ్రేకు సరిగ్గా లేదు.

"మామా, ఆ మేస్త్రీ నన్ను మోసం చేసినాడు. రెండు రోజులు బండి పెట్టుకోని, బ్రేకు పైపుల్లో గాలి కూడా తీయకుండా ఇచ్చినాడు" అన్నాడు వాడు. ఫోన్ చేస్తే మేస్త్రీ వచ్చాడు. చిత్తూరు నుంచి కాణిపాకం 12 కిలోమీటర్లకు అటూ ఇటూ, అరగంటలో దిగాడు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, కుర్రాడు. చేతులకు గ్రీజు ఇంకా వదల్లేదు. "నాలుగు తూర్లు గాలి తీసినా సార్. చివర్లో ఒక్క బుడగ రాలేదు, నీళ్ళ మాదిరి ఆయిలు వచ్చింది. అన్నకు నమ్మకం లేకపోతే ఇప్పుడే కోనేట్లో మునిగి పెమాణం చేస్తా" అన్నాడు.

ఇక్కడ ప్రమాణం అంటే ఆషామాషీ మాట కాదు. కాణిపాకం వినాయకుణ్ణి ప్రమాణాల దేవుడంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం ఎవరికీ ఉండదని మన నమ్మకం. ఊళ్ళో అప్పుల తగాదాలు, దొంగతనం నిందలు ఎన్నో ఇక్కడికొచ్చి తేలిపోతుంటాయి. తాగుడు మానేస్తానని ఒట్టు పెట్టుకునేందుకు వచ్చేవాళ్ళూ ఉన్నారు. మేస్త్రీ అంత మాట అనేసరికి మా మేనల్లుడు కూడా రవ్వంత మెత్తబడ్డాడు.

నేను బస్సుల గ్యారేజీలో పనిచేసి రిటైరైన వాణ్ణి. నాకు మాత్రం ప్రమాణంతో పని లేదనిపించింది. వాడు నాలుగుసార్లు గాలి తీసిన మాట నిజమే అయ్యుంటుంది. వీడి బండికి బ్రేకు లేదన్న మాటా నిజమే, కొబ్బరికాయలామె సాక్షి. రెండు నిజాలూ ఒకే బండిలో ఎట్లా ఇమిడాయో చూడాలి. మన మాటలో 'తీసినా' అంటే తీశాను అని, తీసినప్పటికీ అని కూడా కదా. ఆ రోజు రెండర్థాలూ సరిపోయాయి.

యాక్సిల్ మార్చడమంటే బయటికి చూస్తే ఇనుప పని. యూ బోల్టులు విప్పి, పాతది దించి, కొత్తది ఎక్కించి, బిగించడం. కానీ ఆ యాక్సిల్ రెండు చివర్లా బ్రేకులు ఉన్నాయి. ఛాసిస్ నుంచి యాక్సిల్ మీదికి వచ్చే రబ్బరు హోసు పైపు విప్పక తప్పదు. విప్పగానే ఆయిల్ కారిపోయి, ఆ చోట్లోకి గాలి దూరుతుంది. ఆయిల్‌ను నొక్కితే అది కుంచించుకోదు, మీ కాలి బలాన్ని ఉన్నదున్నట్టు చక్రం దాకా మోసుకుపోతుంది. గాలి అట్లా కాదు, నొక్కితే నలుగుతుంది. మీరు తొక్కిన తొక్కుడంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరేది కాస్తే. అందుకే యాక్సిల్ మార్చాక బ్రేకు సరిగ్గా పడకపోతే ఎవరైనా మొదట అనే మాట "గాలి తియ్యి" అని. తీసినా పోకపోతే "మళ్ళీ తియ్యి" అంటారు. అక్కడే చాలామంది ఇరుక్కుపోతారు. సీసా తర్వాత సీసా బ్రేకు ఆయిల్ పోస్తారే గానీ, పెడల్ ఏం చెబుతోందో వినరు.

నేను డ్రైవరు సీట్లో కూచుని ఇంజిను ఆపి తొక్కాను. మొదటిసారి దాదాపు అడుగు దాకా పోయింది. వెంటనే రెండోసారి తొక్కితే సగంలో ఆగింది. మూడోసారి ఇంకా పైన ఆగింది గానీ, కాలి కింద దూదిమూట మాదిరి మెత్తగా ఉంది. ఇది రెండు జబ్బులు కలిసిన గుర్తు. ఒకటి రెండుసార్లు కొట్టగానే పెడల్ పైకి వచ్చిందంటే డ్రమ్ముకూ షూలకూ మధ్య సందు ఎక్కువ ఉందని అర్థం. వచ్చాక కూడా మెత్తగా ఉందంటే లోపల గాలి ఉంది. గట్టిగానే ఉండి, కాలు అట్లాగే పెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతుంటే మాత్రం వేరే కథ: ఎక్కడో ఆయిల్ కారుతుండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుండాలి. పెడల్ రాయిలా ఉండి కూడా బండి ఆగకపోతే షూల మీది లైనర్లకు ఆయిల్ అంటిందనో, బూస్టర్ సాయం చేయడం లేదనో అనుమానించాలి. బూస్టర్‌ను పరీక్షించడం సులువు. ఇంజిను ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు పెడల్ మీదే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ రవ్వంత కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే. ఈ బండిలో దిగింది.

తప్పు ముందు చక్రాల్లోనా, వెనకనా? దీనికి నా దగ్గర ఒక పాత క్లాంపు ఉంది, నోరు గుండ్రంగా ఉంటుంది, రబ్బరును కోయదు. దాంతో వెనక యాక్సిల్ మీదికి పోయే హోసు పైపును మెల్లగా బిగించాను. కటింగ్ ప్లేయరుతో ఈ పని చేయకండి, పైపు లోపల నలిగి ఇంకో రోగం తెచ్చిపెడుతుంది. వెనక దారి మూసి పెడల్ తొక్కితే పైనే ఆగింది, రాయి మాదిరి. అంటే మాస్టర్ సిలిండర్‌కు గానీ ముందు బ్రేకులకు గానీ ఏమీ కాలేదు. దోషం యాక్సిల్‌తో పాటు వచ్చింది.

మేస్త్రీని అడిగాను, "బిగించేటప్పుడు ఏదన్నా ఇబ్బంది పడినావా నాయనా" అని. "ఏం లేదు సార్, బ్రేకు పైపు ఒకటి అందల్యా. రవ్వంత వంచి పెట్టినా" అన్నాడు.

ఆ మాట వినగానే సగం తెలిసిపోయింది. బండి కిందికి దూరి ఫోన్ టార్చి వేశాను. డ్రమ్ము వెనకున్న పళ్ళెం మీద, షూలను తోసే వీల్ సిలిండర్ తాలూకు రెండు చోట్లు కనబడతాయి. ఒకటి ఆయిల్ పైపు వచ్చి కలిసేది, రెండోది గాలి తీసే నిపుల్. నిపుల్ ఎప్పుడూ పైన ఉండాలి. ఈ బండికి రెండు వైపులా నిపుల్ కింద, పైపు పైన ఉన్నాయి. పాత అంగడిలో ఎవరో విప్పి, కడిగి, రంగు కొట్టి, ఎడమ సిలిండర్‌ను కుడికీ కుడిదాన్ని ఎడమకూ బిగించేశారు. బోల్టు రంధ్రాలు ఎట్లా పెట్టినా సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానం వచ్చింది ఆ పైపుకు ఒక్కదానికే. పాపం, దాన్నీ వంచేశారు.

చెంబును బోర్లించి బావి నీళ్ళలో ముంచండి. ఎంత లోతుకు ముంచినా చెంబులో గాలి చెంబులోనే ఉంటుంది. ఇక్కడ జరిగింది అదే. గాలి పైకే పోతుంది, అది దాని గుణం. నిపుల్ కింద ఉంటే తీసిన ప్రతిసారీ కింది ఆయిల్ బయటికి వస్తుంది, ఒక్క బుడగ లేకుండా, నీళ్ళ మాదిరి. పైన చేరిన గాలి కదలదు. మేస్త్రీ నాలుగుసార్లు తీసినా, నలభైసార్లు తీసినా అదే కథ. ఆ కుర్రాడు చెప్పిందాంట్లో అక్షరం అబద్ధం లేదు.

కాణిపాకం కథలో బావి తవ్విన అన్నదమ్ములు ముగ్గురు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. స్వామి బయటపడగానే ముగ్గురికీ అవి వచ్చాయంటారు. షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ళను చూస్తే నాకు ఆ కథ గుర్తొస్తుంటుంది. కళ్ళు ఉన్నాయి, చెవులు ఉన్నాయి. పైపు అందలేదని ఈ మేస్త్రీ చూశాడు కూడా. ఎందుకు అందలేదని మాత్రం అడగలేదు. వాణ్ణి తప్పుపట్టను. సాయంత్రానికి బండి ఇచ్చెయ్యాలి, పక్కన ఇంకో మూడు బండ్లు నిలబడి ఉంటాయి.

సరే, సిలిండర్లు మార్చాలంటే డ్రమ్ములు విప్పాలి. చిత్తూరు షెడ్డుకు మెల్లగా, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని పోయాం. అంత దూరం కూడా పోకుండా ఉండాల్సిందే, బండిని లాక్కుపోవాల్సింది. నేను కూడా ఆ పూట బద్ధకించాను, ఒప్పుకుంటున్నాను.

డ్రమ్ము విప్పగానే ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. షూల మధ్య సందు సర్దే పళ్ళచక్రం ఉంటుంది చూశారా, దాని మర ఎడమకు ఒక దిక్కు, కుడికి ఒక దిక్కు. వాటినీ తారుమారు చేశారు. తనంతట తానే సందు సర్దుకునే రకం బ్రేకుల్లో ఇట్లా మారిపోతే, బ్రేకు తొక్కే కొద్దీ సందు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. మొదటి రోజు కాస్త నయంగా ఉంది, రోజురోజుకూ పెడల్ కిందికి పోతోందని మా వాడు చెబుతూనే ఉన్నాడు, నేనే పట్టించుకోలేదు. ఇక సందు సర్దేటప్పుడు వరస ముఖ్యం. ముందు హ్యాండ్ బ్రేకు కేబుల్ పూర్తిగా లూజు చేయాలి. తర్వాత చక్రం తిప్పుతూ, షూ డ్రమ్ముకు తగిలి సర్రుమనే దాకా పళ్ళచక్రం బిగించి, చక్రం ఫ్రీ అయ్యేదాకా రెండు మూడు పళ్ళు వెనక్కి తిప్పాలి. కేబుల్ అన్నిటికన్నా చివర్న. కేబుల్ ముందే బిగిస్తే షూలు విచ్చుకునే ఉంటాయి, మీరు సర్దిందంతా తప్పుడు లెక్క అవుతుంది, ఘాట్ రోడ్డులో చక్రం కాలిపోతుంది.

రెండోది యాక్సిల్ నెత్తిన ఉండే బ్రీదర్. చిన్న టోపీ మాదిరి ఉంటుంది, చాలామంది దాని పేరు కూడా వినుండరు. బండి నడిస్తే హౌసింగ్ లోపలి ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఈ టోపీలోంచి బయటికి పోతుంది. రంగు కొట్టినవాడు దాని మీద కూడా దిట్టంగా రంగు కొట్టేశాడు. దారి మూసుకుపోయింది. ఇక ఆ ఒత్తిడి ఎటు పోవాలి? చక్రం దగ్గరి ఆయిల్ సీల్‌ను తోసుకుని బ్రేకు లైనర్ మీదికి పోతుంది. ఎడమ వైపు సీల్ అప్పటికే చెమర్చింది. ఇంకో పది రోజులు ఆగుంటే ఆ లైనర్ ఆయిల్‌లో నానిపోయేది, బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగేది. నానిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి, మంటలో కాల్చి మళ్ళీ వేసేవాళ్ళు ఉన్నారు. వద్దు. ఆయిల్ లోపలికి ఇంకిపోయి ఉంటుంది, వేడెక్కగానే మళ్ళీ ఊరుతుంది. రెండు వైపులా కొత్తవి వేయించండి, సీల్ కూడా మార్పించండి.

ఇంకో యాక్సిల్ వేసేటప్పుడు సిలిండర్ సైజు చూడడం మర్చిపోవద్దు. దాని ఒంటి మీదే అంకె పోత పోసి ఉంటుంది. పాతది ముప్పావు అంగుళం, కొత్తది అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు అనుకోండి. పైకి చూస్తే తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. కానీ పిస్టన్ వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అంత ఆయిల్ ఎక్కువ కావాలి, పెడల్ ఇంకా కిందికి పోతుంది. పైగా వెనక బ్రేకు ముందుదాని కంటే గట్టిగా పట్టి, ఖాళీ బండిలో వానరోజు తోక విసిరేస్తుంది. చెన్నై పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో దొరకని సామాను ఉండదని మన డ్రైవర్లు అంటుంటారు, నిజమే కావచ్చు. కొనేటప్పుడు పాత సిలిండర్ జేబులో వేసుకుపోయి పక్కన పెట్టి చూసుకోండి.

చాలా పికప్ బండ్లలో లోడును బట్టి వెనక బ్రేకుకు ఆయిల్ ఒత్తిడి తగ్గించే, పెంచే వాల్వు ఒకటి ఛాసిస్‌కు ఉంటుంది. దాని స్ప్రింగు లివరు వచ్చి యాక్సిల్‌కు తగులుకుంటుంది. లోడు పడితే యాక్సిల్, ఛాసిస్ దగ్గరవుతాయి, లివరు కదులుతుంది, వెనక బ్రేకుకు ఒత్తిడి వస్తుంది. యాక్సిల్ మార్చేటప్పుడు ఈ లివరు విప్పి, తిరిగి తగిలించడానికి బ్రాకెట్ కుదరక, తీగతో కట్టేసి వదిలిన బండ్లు నేను ఒకటి కాదు, ఎన్నో చూశాను. అప్పుడు వాల్వు బండి ఖాళీగా ఉందనే అనుకుంటుంది. టన్ను కాయ ఎత్తినా వెనక బ్రేకు సగమే పడుతుంది. గాలి తీసేటప్పుడు కూడా దీనితో తంటా ఉంది. ఛాసిస్‌ను జాకీ మీద ఎత్తితే యాక్సిల్ కిందికి వేలాడుతుంది, వాల్వు దారి బిగిస్తుంది, ఆయిల్ సన్నగా వస్తుంది. అందుకని యాక్సిల్ కిందే జాకీ పెట్టి, బండి బరువు దాని మీద ఉండగా తీయాలి.

గాలి తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. పాత బండిలో పెడల్ అడుగు దాకా టపటపా కొట్టకండి. మాస్టర్ సిలిండర్ లోపల రోజూ తిరిగే చోటు నున్నగా ఉంటుంది, ఎప్పుడూ తిరగని చివర తుప్పు పట్టి ఉంటుంది. రబ్బరు కప్పు ఆ తుప్పు మీదికి పోయిందంటే చిరుగుతుంది. మర్నాడు మాస్టర్ సిలిండర్ పోయింది, ఇదెక్కడి దరిద్రం అంటారు. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకుంటే సరిపోతుంది.

చక్రం పట్టేసి వదలకపోతే నిపుల్ ఒక్కసారి విప్పి చూడండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే ఒత్తిడి పైపులో ఇరుక్కుంది, హోసు లోపల వాచి ఉండవచ్చు. వదలకపోతే కేబులో, షూలో. ఏబీఎస్ ఉన్న కార్ల సంగతి వేరే. అక్కడ వెనక చక్రం వేగం చూసే సెన్సరు, దాని పళ్ళ రింగు యాక్సిల్ దగ్గరే ఉంటాయి. పళ్ళ లెక్క తేడా వస్తే మీటర్లో దీపం వెలుగుతుంది. దాన్ని గాలి తీసి ఆర్పలేరు, కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి.

ఇదంతా ఎందుకింత వివరంగా చెబుతున్నానంటే, కాణిపాకం చదునైన ఊరు. అక్కడ బ్రేకు తప్పితే గజం దూరంలో తేలింది. అదే బండి పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగుతుంటే? రెండున్నర టన్నుల బండి బ్రేకుల మీదే 100 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి సుమారు 8 లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా తెస్తుంది. ఆ వేడంతా డ్రమ్ములూ డిస్కులే మొయ్యాలి. మన బండ్లలో పోసే డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. కానీ అది గాల్లో తేమను పీలుస్తుంది. నీరు చేరిన ఆయిల్ 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్ళీ గాలే, పెడల్ అడుక్కు పోతుంది. అందుకే మూత విప్పి నెలల తరబడి షెడ్డులో పెట్టిన సీసా ఆయిల్ పోయించుకోకండి. డాట్ 4 అయితే ఆ లెక్కలు 230, 155. ఇంజిన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా వద్దు, రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి పాతది. పైన బయల్దేరిన టైము, కింద చేరిన టైము చూసి, తొందరగా దిగినవాళ్ళకు జరిమానా వేసేది ఊరికే కాదు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని మన పాత డ్రైవర్లు చెప్పేది కూడా ఈ వేడి గురించే.

మా వాడి బండి ఆ సాయంత్రానికి సిద్ధమైంది. సిలిండర్లు వాటి వాటి వైపులకు మారాయి, వంచిన పైపు తీసేసి కొత్తది వేశారు, బ్రీదర్ రంగు గీకి ఊదితే గాలి ఆడింది. ఈసారి గాలి తీస్తే మొదట బుసబుసమని నురగ వచ్చింది, తర్వాతే నికరమైన ఆయిల్. మేస్త్రీ కుర్రాడు ఆ నురగను చూస్తూ కాసేపు మాట్లాడలేదు. "ఇంత గాలి ఆడనే ఉండింది సార్" అన్నాడు చివరికి. మా మేనల్లుడు వాడి భుజం మీద చెయ్యి వేసి టీకి తీసుకుపోయాడు. ప్రమాణం జరగలేదు. మర్నాడు ఉదయం మళ్ళీ కాణిపాకం పోయి, ఆ కొబ్బరికాయలామె దగ్గరే కాయ కొన్నాం. ఆమె మాత్రం ఈసారి బుట్ట ముందే పక్కకు జరుపుకుంది. నిమ్మకాయ చితికింది, బండి దాని మీదే నిలిచింది.

మీ బండికి వెనక యాక్సిల్ పని చేయించుకుంటే, ఇంటికి తెచ్చుకునే ముందు షెడ్డులోనే కిందికి వంగి టార్చి వేసి చూడండి. నిపుల్ పైపు కంటే పైన ఉండాలి, రెండు వైపులా. చదునైన చోట, ఎదుట ఎవరూ లేనప్పుడు, నడక వేగంతో మొదలుపెట్టి అయిదారుసార్లు బ్రేకు తొక్కి చూడండి. ఒక్కసారిలో నిలవకపోతే డబ్బులిచ్చి బండి తెచ్చుకోకండి, ఘాట్ ఎక్కించకండి.